సొంత నెత్తురు

నేను ఒక మూత్రపిండాన్ని. మీరు కిడ్నీ అంటారు, అనండి. పిడికిలంత ఉంటాను. నెత్తురు వడకట్టి మలినాన్ని మూత్రంగా పంపేస్తాను, ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువతక్కువ కాకుండా చూస్తాను. బీపీని అదుపులో ఉంచడం, కొత్త నెత్తురు పుట్టించమని ఎముకలకు కబురంపడం కూడా నా పనే. ఇంత చాకిరీ చేసినా నన్ను తలుచుకునే నాథుడు లేడు. పాటలన్నీ గుండె మీదే!

అనకాపల్లి బెల్లం మార్కెట్లో పనిచేసే అప్పలకొండ ఒంట్లో నేనూ, నా తోడబుట్టినదీ నలభై ఏళ్లు కలిసి బతికాం. ఆమె తమ్ముడు సూరిబాబు రైసుమిల్లు మెకానిక్కు. బీపీ ఉందంటే, "తల్నొప్పయినా లేదు, నాకు బీపీ ఏటి?" అని మందు ముట్టలేదు. వాడి కిడ్నీలు రెండూ కిక్కురుమనకుండా పాడైపోయాయి. మా జాతికి నోరు లేదు, అదే మా ఖర్మ. కాళ్లు వాచాక రక్తపరీక్ష చేస్తే, ఒకటి దగ్గరుండాల్సిన క్రియాటినిన్ అనే మలినం తొమ్మిది దాటింది. డయాలసిస్ మొదలైంది. తమ్ముడి అవస్థ చూడలేక అప్పలకొండ నన్నిచ్చేసింది.

వాడి పొత్తికడుపులో నన్ను పెట్టి కుట్టారు. "ఈ ఒంటికి ఇది పరాయిది. రోజూ రెండు పూటలా మాత్రలు పడకపోతే ఒళ్లే దీన్ని చంపేస్తుంది. బతికున్నంతకాలం వేసుకోవాలి" అన్నారు డాక్టరుగారు.

రెండేళ్లు బుద్ధిగా మింగాడు. ఆ తర్వాత మిల్లులో ఎవరితోనో అంటుంటే విన్నాను.

"మా అక్క కిడ్నీ ఇది, పరాయోలదేటి? ఒక్క తల్లి నెత్తురు! దీనికి మాత్రలెందుకు?"

ఓరి మూర్ఖుడా! చుట్టరికం నీకు తెలుసు, నీ ఒంటికి తెలుసా? మాత్రలు మానేసిన కొద్ది వారాలకే నెత్తురులోని కాపలావాళ్లు నా మీద పడ్డారు. అప్పలకొండ ప్రతి ఆదివారం ఫోను చేసేది.

"మాత్రలేసుకుంతన్నావేట్రా?"

"ఏసుకుంతన్నానే అక్కా."

ఆ అబద్ధం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

నిన్న ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పేశారు. నా పని అయిపోయిందట, మళ్లీ డయాలసిస్సేనట. సూరిబాబు తోడొచ్చిన అక్క ముందు బావురుమన్నాడు.

"మాత్రలు నానే మానేసానక్కా."

అప్పలకొండ వాడి చెంప ఛెళ్లుమనిపించింది. హమ్మయ్య, నా తరఫున ఒక్కరైనా ఉన్నారనుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని డాక్టరుగారి వైపు తిరిగింది.

"నాకింకోటుంది కదేటి బాబూ. తీసి ఆడికెట్టీండి."

"అది కూడా తీస్తే నీకూ డయాలసిస్సే గతి అమ్మా. కుదరదు" అని కసిరారాయన.

చచ్చిన నన్ను బయటికి కూడా తీయరట, ఇక్కడే వదిలేస్తారట. సూరిబాబు చేసిన ద్రోహానికి నా ప్రాణం పోయింది. అది కళ్లారా చూసి కూడా, నా తోడబుట్టినదాన్ని వాడికే ఇవ్వబోయింది అప్పలకొండ.