అంజమ్మ మోసిన బిందె

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జరిగిపోతాయి. ఒక పేజీ నిండేసరికి పొద్దు గూకుతుంది. తల నెరిశాక వచ్చిన అక్షరాలు కదా, ఇంకా నా మాట వినవు. మీరూ నిదానంగా చదవండి.

చైతన్యపురిలో అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న రోజులవి. ఎటు చూసినా పొలాల్లో పాతిన హద్దురాళ్లు, ఇసుక కుప్పలు, సగం లేచి ఆగిన గోడలు. అలాంటి ఒక సగం ఇంటి వెనక రేకుల గదిలో అంజమ్మ ఉండేది. ఆమెది పోచంపల్లి దిక్కు ఊరు. భర్త మగ్గం నేస్తుంటే, రంగులో ముంచే ముందు నూలుకు ముడులు కట్టడం ఆమె పని. భర్త పోయాక మరిది పాండురంగం ఆమెను తీసుకొచ్చాడు. అతనికి దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం. తాను కట్టుకుంటున్న ఇంటికి వదినెను కాపలా ఉంచాడు. చెడ్డవాడేం కాదు. ఆదివారం వచ్చి బియ్యం దించేవాడు, "వదినా, సిమెంటు తడవకుండ చూడు" అనేవాడు, వెళ్లిపోయేవాడు. మిగతా రోజుల్లో ఆమెతో మాట్లాడేది లారీ డ్రైవర్లే. "ఓ అమ్మా, ఇసుక ఏడ పొయ్యాలె?" అంతే. తన పేరు తాను విని ఎంత కాలమైందో ఆమెకే గుర్తు లేదు.

కాలనీ చివరి బడిలో, పిల్లలు ఇళ్లకు పోయాక ఆడవాళ్లకు చదువు చెబుతున్నారని విని వెళ్లింది. టీచరమ్మ హాజరు పిలిచింది. "అంజమ్మ!" ఆ పిలుపుకు ఆమె లేచి నిలబడింది. "ఉన్ననమ్మా" అంది. ఆ రోజు నుంచి ఒక్క పూట మానలేదు. నిజం చెప్పాలంటే చదువు కోసం కాదు, ఆ పిలుపు కోసం వచ్చేది.

క్లాసు టీచరమ్మదే అయినా పెత్తనం మాత్రం భాగ్యమ్మది. ప్లాట్లయిపోయిన పొలాల తాలూకు పాత ఊరి మనిషి. ఆమె నోరు విప్పితే మెయిన్ రోడ్డు మీద బస్సు హారను వినబడేది కాదు. ఎవరైనా జంకి చెప్పులు విడిచే చోట కూర్చుంటే ఊరుకోదు. "లే, చాప మీదికి రా. చెప్పులకు కాపలా ఒచ్చినవా?" ఒకరు చదువుతుంటే ఇంకొకరు అందించకూడదు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు బిందెది. ఎవరైనా "నేను మొద్దుదాన్ని, నాకేం ఒస్తది" అని తనను తాను తక్కువ చేసుకుంటే, లేచి బోరింగు దగ్గరికి పోయి క్లాసుకంతా బిందెడు నీళ్లు తేవాలి.

"మరీ ఇంత మిలట్రీ ఏంటండీ భాగ్యమ్మగారూ?" అని నవ్వేది వెంకాయమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చి, హాస్టల్లో వంట చేసే మనిషి.

"మిలట్రీ గాదమ్మా, ఇజ్జత్. మనల్ని మనమే తిట్టుకుంటే ఊరోళ్లకు ఇంగేం పని మిగుల్తది?"

అందరికంటే ఎక్కువ నీళ్లు మోసింది అంజమ్మే. చదివే వంతు దగ్గర పడుతుందనగా "నాకేం ఒస్తదక్కా" అనేది, బిందె ఎత్తుకునేది. తిరిగి వచ్చేసరికి వంతు దాటిపోయేది. పాపం, నెమ్మదస్తురాలు అనుకున్నారందరూ. పైగా ఆమె పలక చూస్తే ముచ్చటేసేది. బోర్డు మీదిది అచ్చు గుద్దినట్టు దించేది.

ఒకరోజు టీచరమ్మ చెప్పింది: వచ్చే నెల ఆఫీసరు వస్తాడు, అందరితో చదివిస్తాడు, చదవలేనివాళ్ల పేర్లు కొట్టేసి ఆ చోటు కొత్తవాళ్లకు ఇస్తాడు. అంజమ్మ టీచరమ్మ చేతిలోని హాజరు పుస్తకం వంక చూసింది. తన పేరు ఇక్కడ కూడా కొట్టేస్తే ఇంకెక్కడ మిగులుతుంది?

ఆ పూటే ఆమె రాస్తుండగా భాగ్యమ్మ తల తిప్పి పలకలోకి చూసింది. అంజమ్మ వరస పొడవునా ముందు తలకట్లన్నీ పెట్టేసింది. కింద గుండ్రాలు ఇంకా లేవు. వాటి తరవాత ఒత్తులు. నూలు మీద ఒక వరస ముడులన్నీ కట్టాకే రెండో వరసకు పోయే చెయ్యి అది; అక్షరాలను చదవకుండా బొమ్మలా దించుతోంది.

"ఇదేందే, అందరికి టోపీలు పెట్టుకుంట పోతున్నవ్, తలకాయలేవి?"

క్లాసు గొల్లుమంది. భాగ్యమ్మ నవ్వలేదు.

"ఏది, ఏం రాసినవో సదువు."

అంజమ్మ చెయ్యి బిందె మీదికి పోయింది. భాగ్యమ్మ బిందె గట్టిగా పట్టుకుంది.

"నువ్వు నీళ్లకు పోతలేవు అంజమ్మా. పారిపోతున్నవ్."

 క్లాసులో అందరికంటే చిన్నది ఆండాలు మెల్లగా అంది: "అక్కా, ఆఫీసరొచ్చే దినం నేను పక్కన కూసోని అందిస్త. ఎవలకు తెలుస్తది?"

"ఆమెకు తెల్వదా?" అంది భాగ్యమ్మ. "నువ్వు అందించిన మాటతోని జాగ నిలబడితే, అది ఆమె జాగ ఎట్లయితది? తప్పు నాదే, శిక్ష తిరగేసి పెట్టిన. రేపటి సంది తనను తాను తిట్టుకున్న మనిషి కూసుంటది. మనం నీళ్లు తెచ్చి ఇస్తం. తాగి, సదవాలె."

మర్నాడు అలవాటు కొద్దీ అంజమ్మ నోట ఆ మాట వచ్చేసింది. భాగ్యమ్మ మోకాళ్ల నొప్పితో కుంటుతూ బోరింగు దాకా పోయి, బిందె చంకన పెట్టుకుని వచ్చింది. గ్లాసు నింపి అంజమ్మ ముందు పెట్టింది. అంజమ్మ గ్లాసు రెండు చేతులతో అందుకుంది. తాగి, పలక మీద మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. ఆ తరవాత ఆ మాట మళ్లీ అనలేదు.

గదిలో ఒంటరిగా సిమెంటు బస్తాల మీది అక్షరాలు పైకి చదివేది. తప్పు చదివినా సరిదిద్దే మనిషి లేదు. తన గొంతు రేకులకు తగిలి తనకే తిరిగి వచ్చేది.

ఆఫీసరు వచ్చాడు. అంజమ్మ లేచి నిలబడింది. "రైతు... నాగలి పట్టాడు. ఎద్దులు... పొలం..." అక్కడ ఆగిపోయింది. ఆండాలు పెదవులు బిగబట్టింది. వెంకాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భాగ్యమ్మ పైకప్పు వంక చూస్తోంది. ఎవరూ అందించలేదు.

"సరేలేమ్మా, చాలు. కూర్చో."

"ఇంకొక్క మాట ఉన్నది సారూ" అంది అంజమ్మ. కూర్చోలేదు. వేలు తలకట్టు మీంచి కొమ్ముకు, ఒత్తుకు దిగింది. "దున్... దున్నాయి."

ఆఫీసరు తలూపి పక్కామెను లేపాడు. పేరు ఉండిపోయింది. వెంకాయమ్మ కళ్లు తుడుచుకుని బిందె అందుకుంది. "ఇవాళ ఎవరూ ఏమీ అనలేదులే. నాకే దాహంగా ఉంది."

పొద్దు వాలుతుండగా అంజమ్మ గదికి చేరింది. ఈ సంగతి చెప్పుకోవడానికి అక్కడ ఇటుకలు తప్ప ఎవరున్నారు? లారీ ఒకటి వచ్చి ఆగింది.

"ఓ అమ్మా, కంకర ఏడ పొయ్యాలె?"

"నా పేరు అంజమ్మ."

డ్రైవరు తల బయట పెట్టి చూశాడు. "సరే అంజమ్మా, ఏడ పొయ్యాలె?"

"గా గోడ పక్కన."

లారీ పోయింది. దుమ్ము అణిగింది. మళ్లీ ఎవరూ లేరు. ఆమె గడపలో కూర్చుని, చీకటి పడేదాకా ఆ పేరును మట్టిలో వేలితో రాసింది, ఒక్కో అక్షరం పూర్తి చేసుకుంటూ.

చింతకింది అనంతమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, తుర్కయంజాల్.