మూడో వరస, కుడి అంచు

ఎలోయ్ భోజనాల బల్ల మీద దారి వేస్తున్నంతసేపూ ఆ బల్లను ఎవరూ ముట్టుకోకూడదు. వైన్ గ్లాసు కెథెడ్రల్. రొట్టె కత్తి నది. తిని పక్కన పెట్టిన ఆలివ్ గింజలు ఒక్కొక్కటీ ఒక్కో పేట నుంచి బయల్దేరే ఊరేగింపు. పేటపేటా తేర్లు ఊరేగే పవిత్ర వారంలో సెవిల్ నగరంలో నడవాలంటే కాళ్లొక్కటే చాలవు, ఏ వీధి ఎప్పుడు మూసుకుపోతుందో తెలిసినవాడొకడు ముందు నడవాలి. ఆ ఇంట్లో ఆ పని ఎలోయ్‌ది. పెళ్లయిన నాటి నుంచీ ఆయనదే. ఆ విషయంలో ఆయన బిషప్పు చెప్పినా వినడు.

వియ్యపురాలు ఒబ్దూలియా రొట్టె ముక్క అందుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాస్త చూసుకోండి వదినగారూ, అది మంగళవారం."

ఒబ్దూలియా, ఆవిడ మొగుడు ఫెర్మిన్, వయ్యదొలీద్ నుంచి ఆ మధ్యాహ్నమే దిగారు. ఎలోయ్ కూతుర్ని వాళ్లబ్బాయికి ఇచ్చారు. ఆ పిల్ల పసిబిడ్డతో వయ్యదొలీద్‌లోనే ఉండిపోయింది. వియ్యాలవారు మాత్రం సోమవారం నుంచి గురువారం దాకా ఊరంతా కాలినడకన చూడాలని ముచ్చటపడి వచ్చారు. ఫెర్మిన్‌కు ప్రతిదానికీ తన ఊరు అడ్డం పెట్టే జబ్బుంది. మా ఊళ్లో పవిత్ర వారమంటే ఎంత నిశ్శబ్దమనుకున్నారు, వీధిలో ఒక్కరూ నోరెత్తరు, అన్నాడు.

"నోరెత్తాలంటే వీధిలో మనుషులుండాలి కదా బావగారూ," అన్నాడు ఎలోయ్, గింజల మీంచి చూపు తిప్పకుండానే.

ఎలోయ్ భార్య పురా వాళ్ల కంచాల్లో పాలకూర శనగలు వడ్డిస్తూ బుధవారం కోసం చూస్తోంది. సోమవారం అయింది, మంగళవారం అయింది. బుధవారం దగ్గరికొచ్చేసరికి ఎలోయ్ వేలు చప్పున వేగం పెంచింది. వంతెన అవతలి పేట ఊరేగింపు గింజ అల్ఫాల్ఫా కూడలి దగ్గర ఒంటరిగా మిగిలిపోయింది. ఆయన వేలు మాత్రం నలుగుర్నీ ఊరికి ఆ చివరన ఉన్న ఫెరియా వీధికి లాక్కుపోయింది. ఇలా జరుగుతుందని పురాకు తెలుసు.

ఆ వంతెన అవతలివాళ్ల తేరు మోసే బోయీల్లో ఒకడు వాళ్ల కొడుకు సాల్వా.

ఈ ఊళ్లో తండ్రులు బిడ్డకు పళ్లు రాకముందే తమ పేట ఊరేగింపు సంఘంలో పేరు రాయిస్తారు. సాల్వా కూడా అలాగే చేరాడు, తాతకు కుట్టిన దీక్ష అంగీ సరిచేయించుకుని వేసుకున్నాడు, ఏళ్ల తరబడి తండ్రి పక్కన కొవ్వొత్తి పట్టుకుని నడిచాడు. రెండేళ్ల కిందట ఆ అంగీని మడతపెట్టి తండ్రి మంచం మీద పెట్టి, వంతెన అవతలివాళ్ల తేరుకు మెడ ఇచ్చాడు. ఇంకెక్కడైనా అయితే నవ్వేసి వదిలేసే సంగతి. ఎలోయ్ మాత్రం కొడుకుతో మాటలు మానేశాడు. పిలిస్తే తప్ప గడప తొక్కనని కొడుకూ భీష్మించాడు. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నలిగింది పురా.

అయినా ఆమె కొడుకును వదల్లేదు. వారానికోసారి మార్కెట్ వెనక కాఫీ హోటల్లో కలుసుకునేవాళ్లు. క్రిస్మస్ దాకా అలా సాగింది. జనవరిలో అది కూడా ఆగిపోయింది. ఉవెల్వాలో పని దొరికిందమ్మా, తీరిక దొరకడం లేదు అని ఫోన్లో చెప్పాడు. గొంతు బాగానే ఉంది, మాటలే పొట్టివైపోయాయి. నేనే అక్కడికి వస్తానంటే వద్దన్నాడు. తండ్రి మీది కోపం తన మీదికీ పాకిందని పురాకు అర్థమైంది. అంటే, అలా అర్థం చేసుకుంది. కొడుకు చేజారిపోతున్నాడన్న భయం మూడు నెలలుగా ఆమెను తినేస్తోంది.

ఒక్కటి మాత్రం నమ్మకం. ఉవెల్వాలో ఉన్నా ఉత్తర ధ్రువంలో ఉన్నా, బోయీ అన్నవాడు తన రోజున తన తేరు కిందికి వచ్చి తీరతాడు. తేరు చుట్టూ చీలమండల దాకా వెల్వెట్ తెర వేలాడుతుంది కాబట్టి మనిషి కనబడడు, కాళ్లే కనబడతాయి. పురాకు అవి చాలు. చిన్నప్పుడు విరిగి అతుక్కున్న ఎడమ పాదం వాడికి కాస్త బయటికి తిరిగి ఉంటుంది. తన చోటు ఏదో వాడే ఎప్పుడో చెప్పాడు. మూడో వరస, కుడి అంచు. ఆ కాళ్లను ఒక్కసారి చూసి, తెర దగ్గర వంగి పేరు పెట్టి పిలిస్తే, వాడు పలుకుతాడా లేదా తేలిపోతుంది.

వీళ్లకు బుధవారం అల్ఫాల్ఫా చూపిస్తే బాగుంటుందని ఆమె మామూలుగా అన్నట్టు అంది. అక్కడ జనం ఎక్కువ, తట్టుకోలేరన్నాడు ఎలోయ్. జనం ఎక్కువని ఆ మనిషి నోట రావడం ఆమె వినడం అదే మొదలు. మొహం కూడా అటు తిప్పుకున్నాడు. ఇంత పంతమా అనుకుంది పురా, గింజలన్నీ దోసిట్లోకి ఊడ్చి చెత్తబుట్టలో వేసింది.

సోమవారం, మంగళవారం ఎలోయ్ చెప్పింది చెప్పినట్టు జరిగింది. ముందు ఆయన, ఆయన భుజం మీద చెయ్యేసి ఫెర్మిన్, వెనక ఒబ్దూలియా, చివర పురా, జనంలోంచి సూదిలో దారంలా దూరిపోయారు. ఏ మూలకు చేరినా సరిగ్గా అప్పుడే బ్యాండు మొదలయ్యేది. రెండో రోజుకు ఫెర్మిన్ తన ఊరి పేరెత్తడం తగ్గించాడు.

బుధవారం మధ్యాహ్నం ఒబ్దూలియా తన ఎత్తు మడమల జోళ్లు చేతిలో పట్టుకుని, ఇవి వేసుకోనా, నిన్నటివే వేసుకోనా అని అడిగింది. మడమలు లేనివే వేసుకోవాలని ఎలోయ్ మొదటి రోజే గట్టిగా చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ఆయన స్నానాల గదిలో ఉన్నాడు.

"ఇవే వేసుకోండి వదినగారూ. మీ కాళ్లకు ఎంత నప్పాయో," అంది పురా.

అది మంచి పని కాదు. ఆ సంగతి పురాకూ తెలుసు, తెలిసే చేసింది.

అల్ఫాల్ఫా దాటకముందే ఒబ్దూలియా కుంటడం మొదలుపెట్టింది. పురా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనున్న కాఫీ హోటల్లో కాసేపు కూర్చుందామంది. కూర్చున్నాక కాఫీ అంది. కాఫీ వచ్చాక తేనెలో ముంచిన రొట్టెలు రుచి చూడకుండా ఎలా వెళ్తారంది. ఎలోయ్ కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తున్నాడు. ఇక లేవండి, ఇంకాసేపు ఉంటే ఇరుక్కుంటాం అని ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు. మూడోసారి గొంతు పెంచాడు. పురా అప్పుడు మందుల షాపుకు వెళ్లి, పాదానికి అంటించే పట్టీలు ఏ రకం మంచివో షాపామెతో తీరిగ్గా మాట్లాడింది.

వాళ్లు బయటపడేసరికి దూరంగా డప్పులు వినిపించాయి. ఎలోయ్ వాళ్లను ఎడమ సందులోకి తిప్పాడు. సందు చివర ఊరేగింపు ముందు నడిచే సిలువ అప్పటికే వచ్చేసింది. వెనక్కి తిప్పాడు. వచ్చిన దారి జనంతో నిండిపోయింది. ఆయన మొహాన చెమట పట్టింది. దారి తప్పడం ఎరగని మనిషి అలా నాలుగు దిక్కులూ చూస్తుంటే పురాకు ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే. ఇటు రండి అని ఒబ్దూలియాను లాక్కుని, తేరు కుడి పక్క వచ్చే వైపుకు, మూసేసిన చేతి తొడుగుల షాపు ముందుకు తీసుకెళ్లి నిలబెట్టింది. ఆవిడ వెనక ఫెర్మిన్ వచ్చాడు. చుట్టాలను వదిలి వెళ్లలేక ఎలోయ్ వచ్చాడు. వాళ్ల వెనక జనం గోడలా మూసుకుంది.

అప్పుడు ఎలోయ్‌కు అర్థమైంది.

"నువ్వే చేశావు కదూ," అన్నాడు ఆమె చెవి దగ్గర.

"నేనే."

"పురా, వెళ్లిపోదాం. ఎలాగోలా తోసుకుని వెళ్దాం. బతిమాలుతున్నాను."

పెళ్లైనప్పటి నుంచీ ఆయన నోట బతిమాలడం అనే మాట ఆమె వినలేదు. విన్నాక మనసు ఇంకా రాయైపోయింది.

"కన్నకొడుకు కాళ్లు చూడటం కూడా నీకు కష్టమేనా? కళ్లు మూసుకో."

కోసుగా నిలిచిన ముసుగులు వేసుకున్న దీక్షవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని దాటిపోతున్నారు. వాళ్లు అయిపోతేనే తేరు. వాడు పలక్కపోతే? తెర లోపల విని కూడా ఊరుకుంటే? ఇంటి దగ్గరే ఉండిపోతే బాగుండేదేమో అని కూడా అనిపించింది. అంతలో సాంబ్రాణి పొగ వీధిలోకి వచ్చింది, పొగ వెనక బంగారు రంగు తేరు మూల తిరిగింది. ఆ ఇరుకు వీధిలో గోడలకూ తేరుకూ మధ్య మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బోయీల కాళ్లు నేలను రాసుకునే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. బోయీలను నడిపించే మేస్త్రి వెండి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. తేరు సరిగ్గా వాళ్ల ముందు దిగింది.

పురా వంగింది. మొదటి వరస. రెండో వరస. మూడో వరస అంచున కాళ్లు ఉన్నాయి, రెండూ తిన్నగా ఉన్నాయి. చిన్న కాళ్లు. లెక్క తప్పానేమోనని మళ్లీ ముందు నుంచి చూసుకుంటూ వచ్చింది. నాలుగోది చూసింది, అయిదోది చూసింది. బయటికి తిరిగిన పాదం ఎక్కడా లేదు. మూడో వరస దగ్గర తెర పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సాల్వా అని పిలిచింది. మళ్లీ పిలిచింది.

గాలి కోసం తెర కాస్త ఎత్తి, ఎవరో కుర్రవాడు లోపలి నుంచి మాట్లాడాడు.

"సాల్వా ఈ ఏడు లేడమ్మా. జనవరిలో సాధన చేస్తుంటే వెన్ను దెబ్బతింది కదా. వాడి చోట్లో నేనున్నాను. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడా?"

సుత్తి మోగింది. తేరు ఒక్క ఉదుటున మెడల మీదికి లేచింది, కుర్రవాడి కాళ్లు కదిలిపోయాయి. ఫెర్మిన్ ఆమెను చెయ్యి పట్టుకుని లేపాడు. ఆమె ఎలోయ్ మొహం చూసింది. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసు," అంది.

"మొదటి రోజు నుంచీ. వాళ్ల మేస్త్రి నా షాపుకొచ్చి చెప్పాడు. ఆపరేషన్ అయ్యేదాకా హాస్పిటల్లో నేనే ఉన్నాను."

రోజూ సాయంత్రం డామినోలు ఆడటానికని వెళ్లింది కొడుకు గదికే అన్నాడు. స్నానం చేయించింది, బూట్లు తొడిగింది, నడవాలో అటూ ఇటూ తిప్పింది తనే అన్నాడు. ఉవెల్వా లేదు, పని లేదు. అవన్నీ తనూ కొడుకూ కలిసి అల్లినవే.

"నాకెందుకు చెప్పలేదు?"

"వాడే వద్దన్నాడు. పరంజా మీంచి పడ్డ మీ నాన్నను ఎన్నేళ్లు మంచంలో మోశావో వాడు చిన్నప్పుడు చూశాడు. అమ్మ మళ్లీ ఆ మంచం పక్కన కూర్చోకూడదు నాన్నా అన్నాడు. నడిచాకే కనబడతానన్నాడు. ఆదివారం భోజనానికి తీసుకొద్దామనుకున్నాం. నువ్వు ఇవాళ తేరు కింద వెతుక్కుంటావని తెలిసే ఆ చివరికి దారి వేశాను."

పురా పిడికిలితో ఆయన గుండె మీద కొట్టింది. చెయ్యి చాచడానికి చోటు లేక ఆ దెబ్బ గట్టిగా తగల్లేదు. కొడుకు తన మీద మనసు విరుచుకోలేదు, ఆ సంతోషం ఒకటి. వాడి వెన్ను దెబ్బతిందన్న భయం ఒకటి. తను కుమిలిపోయిన మూడు నెలలూ ఈ మనిషి వాడి బూట్లు తొడిగాడన్న కోపం ఒకటి. అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి, ఏది ముందు ఏడవాలో తెలియలేదు.

"పద. ఇప్పుడే వాడి దగ్గరికి పద."

ఎలోయ్ వీధి ఈ చివరా ఆ చివరా చూశాడు. తేరు వెనక బ్యాండు, బ్యాండు వెనక మళ్లీ వందల కొవ్వొత్తులు, వాటి వెనక మరియమ్మ తేరు, దాని వెనక ఇంకో బ్యాండు. అదంతా దాటేదాకా ఈ వీధిలోంచి పిల్లి కూడా బయటపడదు. ఈ ఊళ్లో ఇరుక్కుపోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, అందుకే పురా దీన్ని ఏరుకుంది. ఎలోయ్ ఆ సంగతి పైకి అనలేదు. ఆ మర్యాద మాత్రం చేశాడు.

ఆమె రెండు చేతులతో ఆయన కోటు పట్టుకుంది.

"ఎలా నడుస్తున్నాడు?"

బాగానే అన్నాడు. బాగానే అంటే ఎలాగంది. కర్ర ఉందన్నాడు, మెల్లగా అన్నాడు, ఇంకా ఏదో చెప్పబోయి మాటలు దొరక్క ఆగిపోయాడు. తర్వాత పక్కవాళ్లను కాస్త జరగమని అడిగాడు. ఫెర్మిన్ వెనక్కి తిరిగి, వీపుతో జనాన్ని ఆపి, ఒక మనిషి నిలబడేంత చోటు చేశాడు. ఎలోయ్ కర్రకు బదులు షాపు తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. నడుము బిగించాడు. ఎడమ పాదం బయటికి తిప్పి, నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు మెల్లగా మోపాడు. ఆగాడు. కుడికాలు ఎత్తకుండా ఈడ్చి దాని పక్కకు తెచ్చాడు. మళ్లీ ఎడమది.

పురా తల వంచి ఆ కాళ్లనే చూసింది. మూడు అడుగులకే చోటు అయిపోయింది.

"ఇంకోసారి," అంది.