మార్క్ పెంచిన డోసు

మా ఆయన మార్క్‌కి దేనికైనా ఒకటే వైద్యం. మిరపలో తామర పురుగు కనబడితే మందు, చావకపోతే ఇంకో మూత మందు, అదీ చాలకపోతే రెండు మందులు కలిపి కొట్టడం. ఊళ్లో అందరూ అంతే. కానీ పిల్లల కోసం నా నడుముకి కట్టిన మందు పంపు దగ్గర కూడా ఆ తెలివే చూపిస్తాడని కలలో కూడా అనుకోలేదు.

గుంటూరులో స్కానింగ్ బల్ల మీద పడుకుని తెర వంకే చూస్తున్నాను. పోయినసారి పెరుగుతూ కనిపించిన ఎగ్ ఈసారి కుంచించుకుపోయింది. పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి పెరిగిన ఎగ్ అది. డాక్టర్ హీనా గారు పంపు తీసుకుని బటన్లు నొక్కి చూశారు. ఆవిడ ముఖం మారిపోయింది.

“స్తుతీ, దీని టైమింగ్ ఎవరు మార్చారు? గంటన్నరకోసారి పడాల్సిన మందు ఆగకుండా పడుతోంది.”

మార్క్ గోడ వైపు చూస్తున్నాడు. పొలంలో డ్రిప్పు టైమరు తిప్పేది ఆ చేతులే.

“నేనేనండి,” అన్నాడు చివరికి. “ఎగ్ పెరుగుతోంది అన్నారు గదండీ. ఇంకాస్త పడితే తొందరగా పెరిగిద్దనుకున్నా.”

“పెరగదయ్యా! ఈ మందు మెదడు పంపే హార్మోనే. మెదడు దాన్ని ఆగి ఆగి పంపిస్తుంది. మధ్యలో విరామం ఉంటేనే మెదడు కింది గ్రంథిలోని కణాలు చేతులు చాపి అందుకుంటాయి. ఆగకుండా పోస్తే ఆ చేతులు లోపలికి ముడుచుకుంటాయి. ఇక ఎంత పోసినా పలకవు.”

“మళ్లీ పలుకుతాయా అండీ?” అని అడిగాను.

“కొన్నాళ్లు మందు ఆపి, మళ్లీ మొదలుపెడదాం. అప్పుడు తెలుస్తుంది.”

తెలుస్తుంది అన్నారే గాని, పలుకుతాయి అనలేదు. ఇంటి గుమ్మంలో బండి దిగగానే వీధంతా వినేలా అరిచాను.

“నేనేమన్నా నీ మిరప చేననుకున్నావా, ఏమయ్యా?”

తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మనిషిని కొట్టాలన్నంత కోపం, ఆ మనిషినే పట్టుకుని ఏడవాలన్నంత దిగులు.

మళ్లీ పంపు పెట్టినప్పుడు డాక్టరు గారు దానికి లాక్ వేసి, నంబరు నాకొక్కదానికే చెప్పారు. పంపు టిక్కుమంటుంది, ఆగుతుంది. ఆ ఆగడాన్ని మార్క్ భరించలేడు. నా ఎదురుగా కూర్చుని, పంపు జోలికి పోకుండా చేతులు రెండూ తొడల కింద పెట్టుకునేవాడు. నాకూ భయమే. ప్రతి విరామంలోనూ నా ఒళ్లు ఇక పలకదేమో అనిపించేది.

ఈసారి స్కానింగులో హీనా గారు చాలాసేపు వెతికారు. తెరను మా వైపు తిప్పారు. నల్లగా, గుండ్రంగా, చిన్న ఎగ్.

“పలికింది,” అన్నారు.

నేను బావురుమన్నాను. పక్కన కుర్చీలో మార్క్ చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి.

“ఇక తియ్యవయ్యా,” అన్నాను.

తీసి నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు తిమ్మిరెక్కి, పట్టు కూడా సరిగ్గా కుదరలేదు.