అన్నీ ఎడమ చేతులే

భోజనాలయ్యాక మాస్టారు ఫోన్‌ని జేబులోంచి ఆరుసార్లు తీశాడు. ఆరుసార్లూ చూడకుండానే మళ్లీ లోపల పడేశాడు. చూసేదేముంది? పొద్దున చూసింది చాలు. క్రెడిట్ కార్డు మీద బాకీ ముప్పై ఏడు వేల రెండు వందలు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, కుట్టు షెడ్డులో కటింగ్ మాస్టారు. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి. అదే షెడ్డులో కిటికీ పక్కన కూర్చుని ఆయన భార్య కాజాలు కుడుతుంది. మిషన్ మీద కూర్చునేవాడు ఆమె తమ్ముడు. వాడు చేతులకైనా విరామం ఇస్తాడు గానీ నోటికి ఇవ్వడు.

ఈ సాయంత్రం ఆరింటికి ఆలుమగలు వీధి చివరి గదికి నలభై వేలు అడ్వాన్స్ ఇవ్వాలి. సొంత దుకాణం పెట్టుకోవాలని ఆమె మూడేళ్లు దాచిన డబ్బు సరిగ్గా అంతే. ఆరు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తానని గది యజమాని మొహమాటం లేకుండా చెప్పాడు.

ఎనిమిది నెలల కింద ఫ్రిజ్, పిల్ల ఫీజు కలిపి నలభై వేలు మాస్టారు కార్డు మీద గీకాడు. తర్వాత దానిమీద దారపు ఉండ కూడా కొనలేదు. బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం అని రెండు వేలు వేసి ఉంటే, నెల తప్పకుండా ఆ రెండు వేలే కట్టాడు. పదహారు వేలు కట్టేశాను, మిగిలింది ఇరవై నాలుగు, మెల్లగా తీరుద్దాం అనుకున్నాడు. పెళ్లాం అడిగితే మాత్రం "కార్డు బాకీ పోయిన నెలే తీరిపోయింది" అన్నాడు.

పొద్దున ఒక కార్డులవాడు ఫోన్ చేశాడు. పాత బాకీని మా కొత్త కార్డుకి మార్చుకోండి, ఎంతుందో బిల్లు చూసి చెప్పండి అన్నాడు. మాస్టారు బిల్లు రెండో పేజీ తెరవడం అదే మొదటిసారి. అప్పట్నుంచి కాళ్లు ఒకచోట నిలవడం లేదు. బల్ల దగ్గర్నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి నీళ్ల కుండకి. నాలుగింటికి కార్డులవాడు వస్తాడు. సంతకం పెడితే ఆమెకేం తెలీదు, గది వచ్చేస్తుంది. పెట్టకపోతే వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఆమె దగ్గర నోరు విప్పాలి.

"బావా, తిరిగే ఓపిక ఉంటే ఆ చొక్కా చేతులేవో కోసి పారెయ్. ఖాళీగా కూర్చున్నా," అన్నాడు బావమరిది.

ఒకవైపే మెరుపున్న గుడ్డ. పన్నెండు పొరలు పరిచి ఉంది. మాస్టారు చేతి నమూనా పెట్టి సుద్దతో గీశాడు, పక్కన మళ్లీ పెట్టి గీశాడు, కోసి మిషన్ దగ్గర పడేశాడు.

మిషన్ ఆగింది.

"అక్కా, ఇటు రా. ఈ చొక్కాలు తొడుక్కునేవాళ్లకి కుడి చెయ్యి లేదంట."

రెండోసారి నమూనా తిరగెయ్యాలి. షెడ్డులో చేరిన మొదటి వారంలో నేర్పే పని అది. మాస్టారు తిరగెయ్యలేదు. ఇరవై నాలుగు చేతులు, అన్నీ ఎడమవే. గుడ్డ తిరగేసి కుడదామంటే మెరుపు లోపలికి పోతుంది.

ఆమె ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. గుడ్డని కాదు, మొగుడి మొహాన్ని చూసింది.

"ఏమైంది మీకు?"

"ఏం లేదు. నిద్ర చాల్లేదు."

"రాత్రి గురకకి నాకు చాల్లేదు. మీకు బాగానే పట్టింది."

అప్పుడే కార్డులవాడు సంచీ తగిలించుకుని లోపలికొచ్చాడు. "సర్, బాకీ మార్పిడి కాగితం తెచ్చాను. ముప్పై ఏడు వేలన్నారుగా?"

తమ్ముడు కూడా నోరు మూసుకున్నాడు. అది ఎప్పుడో గానీ జరగదు.

ఆమె స్టూలు లాగి కార్డులవాడి ముందు వేసింది. "కూర్చో బాబూ. దేని బాకీ?"

"పాత కార్డుదమ్మా. మా దాంట్లోకి మారిస్తే మూడు నెలలు వడ్డీ ఉండదు."

"నాలుగో నెల?"

"మామూలే అమ్మా."

"మామూలంటే?"

"మూడున్నర శాతం. నెలకి."

"మార్చినందుకు నీకేమైనా ఇవ్వాలా?"

"చిన్న ఫీజే. ఎనిమిది వందలు."

"నా అప్పుని ఈ సంచీలోంచి ఆ సంచీలోకి మార్చడానికి నేనే కూలివ్వాలి. వెళ్లు బాబూ. ఎండ దిగలేదు, నీళ్లు తాగి వెళ్లు."

వాడు తాగి వెళ్లాడు. ఆమె మాస్టారి చేతికి సుద్దముక్క ఇచ్చింది. "బల్ల మీద రాయండి. ఎంత కట్టారు, ఎంత తగ్గింది."

కట్టింది పదహారు వేలు. తగ్గింది రెండు వేల ఎనిమిది వందలు. మిగతా పదమూడు వేల రెండు వందలు వడ్డీకి, పన్నుకి పోయాయి. సుద్ద రెండుసార్లు విరిగింది.

"మన దగ్గర కుట్టించుకునేవాళ్లు అడ్వాన్స్ ఇస్తే మిగతాది బట్టలు తీసుకెళ్లేదాకా ఊరికే పడుంటుంది కదా," అన్నాడు మాస్టారు. "కార్డు కూడా అలాగే అనుకున్నా. రెండు వేలు కట్టాను, మిగతాది కదలకుండా ఉంటుందనుకున్నా."

"మన దగ్గర ఊరికే పడుంటుంది. ఎందుకంటే మనకి వడ్డీ అడిగే మొహం లేదు. వాళ్లకి మొహమాటమేంటి? తక్కువ కట్టమని నీకు మర్యాదగా చెప్పేవాడు నీ మంచి కోరి చెప్తాడా?"

కోపమొస్తే ఆమె నోట మీరు పోయి నువ్వు వస్తుంది. మాస్టారు తల దించుకున్నాడు.

"గది పోతుందని చెప్పలేదు," అన్నాడు.

"గది పోతుందని కాదు. నేను తిడతానని."

నిజం అంతే.

టైము అయిదుంబావు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి వీధి చివరకి చూసింది. గది షట్టర్ సగం ఎత్తి ఉంది, ఎవరో లోపల ఊడుస్తున్నారు. తర్వాత తన ఫోన్ తీసి, మాస్టారి కార్డు నంబరు అడిగి, దాచిన డబ్బులోంచి కొట్టింది. ముప్పై ఏడు వేల రెండు వందలు. కనీసం కాదు, మొత్తం.

"అక్కా, మూడేళ్లు దాచావే," అన్నాడు తమ్ముడు.

"అందుకే. ఇంకో మూడేళ్లు ఆ బ్యాంకువాడికి దాచిపెట్టలేను."

మాస్టారు జేబులోంచి కార్డు తీసి కత్తెర అందుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇందాకటి నుంచి కోసింది చాలు. తప్పు కార్డు చెయ్యలేదు. ఇది నా గుండీల డబ్బాలో ఉంటుంది. దీంతో ఏదైనా కొనాలంటే ముందు ఆ డబ్బు ఈ డబ్బాలో పడాలి. బిల్లొచ్చిన రోజే మొత్తం కట్టాలి. డబ్బు లేదా, కొనేది లేదు."

"సరే."

"ఆరింటికి గదాయనకి మీరే చెప్పాలి."

"నేనా?"

"నేను చెప్తే ఏడుపొస్తుంది. మీకు రాదుగా."

మాస్టారు కొత్త గుడ్డ పరిచాడు. పన్నెండు కుడి చేతులు. ఆ గుడ్డ ఖరీదు తన కూలీలోంచే పోతుంది. నమూనా తిరగేశాడు. సరిచూశాడు. మళ్లీ సరిచూశాడు. చెయ్యి అలవాటుగా ఫోన్ జేబుకి వెళ్లింది, ఖాళీగా వెనక్కొచ్చింది.

గుమ్మం దగ్గర ఆమె చెప్పులేసుకుని నిలబడింది.

"రండి. ఆరవుతోంది."