సుద్దదారం గీత

గోడమీద నినాదం రాసేవాడెవడైనా గబగబా గీకేసి పారిపోతాడు. దారానికి సుద్దపొడి అద్ది, రెండు కొసలూ బిగించి, టపీమని కొట్టి, తిన్నగా గీత పడ్డాకే అక్షరం మొదలుపెడతాడా? పెయింటరు పెళ్ళాం అలాగే మొదలుపెట్టింది. పదేళ్ళు మొగుడి పక్కన నిలబడి బోర్డులు రాసిన చెయ్యి మరి! మిల్లులోంచి పోలీసులు పట్టుకుపోయిన ఆమె తమ్ముడి జాడ మూడు నెలలుగా లేదు. ఎక్కని ఆఫీసు మెట్లు లేవు, పట్టుకోని కాళ్ళు లేవు. చివరికి నిన్న మిట్టమధ్యాహ్నం, వీధిలో పురుగైనా లేనప్పుడు, మిల్లు గోడమీద 'మా వాళ్ళను ఏంచేశారు?' అని రాసి వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వాటి కింద సుద్దగీతలూ ఉన్నాయి. అవే కొంప ముంచాయి.

ఊళ్ళో దారం కొట్టి రాసేది ఆ ఇద్దరే. పొద్దున్నే పెయింటరుకి స్టేషను నుంచి కబురొచ్చింది. ఇల్లు కదలొద్దని పెళ్ళానికి మరీమరీ చెప్పి బయల్దేరాడు. తెలీదంటే ఆమె కోసం ఇంటికొస్తారు. తనేనంటే తనొక్కడితో పోతుంది, ఆరేళ్ళ పిల్లకి తల్లైనా మిగులుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తనే నూతిలో దూకడం నయమనుకున్నాడు.

గంటన్నర వరండాలో కూర్చోబెట్టి, అప్పుడు లోపలికి పిలిచారు. నేనే రాశానండీ అన్నాడు. అయితే రాసి చూపించమని ఇన్‌స్పెక్టరు కాగితం జరిపాడు. పెళ్ళానికి అక్షరాలు నేర్పిందే అతను, రాయడానికేం! ఇన్‌స్పెక్టరు దాన్ని గోడ ఫోటో పక్కన పెట్టి చూసి, నీ చెయ్యే అని తలూపాడు. పెయింటరు ప్రాణం కుదుటపడింది. జైలుకి పోతున్నందుకు ఇంత సంతోషించినవాణ్ణి ఎక్కడైనా చూశామా!

ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. అవే మాటలు, అదే చేతిరాత.

"ఇది మీ ఆవిడ రాసిచ్చింది. నువ్విటు రాగానే స్టేషను వెనక గేటునుంచి వచ్చింది. ఆయనకేం తెలీదండీ అని ఒకటే ఏడుపు."

పెయింటరు ఆ కాగితాన్ని తన కాగితం కిందకి తోసేశాడు.

"అబద్ధమండీ. నేనే."

"ఆవిడా అదే అంటోంది. సరే, ఇద్దరి పేర్లూ రాసుకుంటాం. ఇంతకీ పిల్ల ఎవరి దగ్గరుంది?"

అతను పిల్లను దాని తల్లి దగ్గరే వదిలి వచ్చాడు.