ఖాళీ యంత్రం మీద

మా ఆయన తెరిచిన సొరుగు మూయగా నేనెప్పుడూ చూడలేదు. వెనకాలే నడుస్తూ ఒక్కొక్కటీ మూయడం పదకొండేళ్లుగా నా పని. ఆఫీసులోనూ అంతే. మందుల గోదాములకు సాఫ్ట్‌వేర్ అమ్మే మా చిన్న కంపెనీకి ఆయన యజమాని, మరిది ఆయన కుడిభుజం, నేను జీతం లేని మనిషిని. ఏ మార్పు చేయాలన్నా ముందు రిపాజిటరీలో, అంటే సోర్స్ కోడ్ దాచే చోట, తేదీతో పేరుతో రాసిపెట్టి, దాని నుంచే డేటాబేస్ కట్టాలి. అప్పుడు ఖాళీ యంత్రం మీద కూడా అచ్చం అలాంటిదే మళ్లీ లేస్తుంది. అన్నదమ్ములకు అంత ఓపికెక్కడిది? నడుస్తున్న డేటాబేస్‌లోనే నేరుగా చెయ్యి పెట్టి, పని అయిందనిపించుకుని టీ తాగడానికి పోతారు. వాళ్లేం మార్చారో వెతికి పట్టుకుని రిపాజిటరీలోకి ఎక్కించేది నేను. పిల్లకు హోంవర్క్ చెబుతూ, ఒక కన్ను పొయ్యి మీద వేసి.

మూడు నెలల క్రితం నన్ను కంపెనీలో భాగస్తురాలిగా చేర్చమని అడిగాను. అడగడానికి నాకే సిగ్గేసింది, చూడండి, అదీ నా బతుకు. ఆయన తింటున్న కంచంలోంచి తలెత్తకుండానే, "తమ్ముడు కట్టినవి నువ్వు కాపీ చేసి పెడతావ్. దానికి భాగమేంటి?" అన్నారు. మరిది నవ్వాడు. ఇంట్లో ఉండి ఏదో కాలక్షేపానికి చేసుకుంటోంది పాపం, అంటూ అత్తగారు నన్ను వెనకేసుకొచ్చారు. ఆ పాపం అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. మర్నాడే మరిది భాగస్తుడిగా సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి వాళ్ల మార్పుల్ని రిపాజిటరీలోకి ఎక్కించడం నేను మానేశాను. ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగనూ లేదు.

నిన్న ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చింది. ఈ ఒప్పందం కుదిరితే ఇక తిరుగుండదని ఇంటిల్లిపాదీ గాల్లో తేలుతున్నారు. నన్ను టీ అందించడానికి రమ్మన్నారు. ఆవిడ తన ఖాళీ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మీ సోర్స్ కోడ్ నుంచి డేటాబేస్ ఇక్కడే కట్టి చూపించండి అంది. మరిది ధీమాగా కూర్చున్నాడు. నాలుగు నిమిషాల్లో, ఒక్క లోపమూ చూపకుండా డేటాబేస్ లేచింది. గడువు తీరిన మందుల్ని ఆపే పట్టిక ఏదని ఆవిడ అడిగింది. లేదు. కంపెనీలు వెనక్కి పిలిచిన మందుల జాబితా? అదీ లేదు. ఈ మూడు నెలల్లో అన్నదమ్ములు గొప్పగా కట్టినవేవీ అందులో లేవు. మరిది మెడ మీద చెమట దిగడం కళ్లారా చూశాను. జాలేసిందని అబద్ధం చెప్పను. కడుపు నిండినట్టయింది.

ఆవిడ మార్పుల చరిత్ర తెరిచింది. ఆరేళ్ల పొడుగునా ప్రతి వరుస పక్కనా ఒకటే పేరు, నాది. మూడు నెలల కిందట ఆగిపోయింది. ఈవిడెవరని అడిగింది.

ఆయన నావైపు తిరిగారు. "ఏం చేశావ్ నువ్వు?" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

"ఏమీ చేయలేదండీ," అన్నాను, ఆవిడకు కూడా వినపడేలా. "మూడు నెలలుగా ఏమీ చేయలేదు."