గుర్తుల్లో ఉగాది దీవెన

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది ఉగాది నాటికి ఊళ్లో ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల కాలేజీలు మూతపడ్డాయి. కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో తర్కశాస్త్రం చెప్పే వీరరాఘవరావుకు పాఠం వినడానికి ఇంటి గోడలే మిగిలాయి. భార్య ఏనాడో పోయింది. ఒక్కగానొక్క కూతురు కుసుమ కిందటేడు ఈ ఊరి కుర్రవాడు విఠల్‌ను పెళ్లాడి అశోక్ నగర్‌లో కాపురం పెట్టింది. ఆ పెళ్లి రోజున ఆయన చిక్కడపల్లి వీధిలో నిలబడి, "నాకు కూతురు లేదు" అని నలుగురూ వినేలా అన్నాడు. నలుగురూ విన్నారు.

పండగ పూట ఒంటరిగా ముద్ద దిగలేదు. ఒక కార్డు మీద దీవెన రాశాడు. మాటల్లో రాస్తే లొంగిపోయినట్టు ఉంటుందని తర్కం గుర్తుల్లో రాశాడు: 'ఎవరైనా సరే' అనే తిరగేసిన ఇంగ్లీషు 'ఎ', 'అయితే' అనే ఒక బాణం, బ్రాకెట్లు. కూతురికి తను నేర్పిన విద్యే, చదువుకుంటుంది. తనే పట్టుకెళ్లి ఇచ్చాడు.

కుసుమ గుమ్మంలోనే చదివింది.

"ఏం రాసిండు మీ నాయిన? మంత్రమా?" అన్నాడు విఠల్ వెనకనుంచి.

"ఎవరైనా సరే, తన కూతురైతే, ఆమెకు తన దీవెన ఉందట."

"మంచిగనే ఉంది గద! లోపలికి రమ్మను, జర పచ్చడి తిని పోతడు."

"కూతురు లేనివాడైనా రాయొచ్చు దీన్ని. అబద్ధం కాదు, ఖర్చూ లేదు. 'అయితే' అన్నంత మాత్రాన ఉన్నట్టు కాదని మీరేగా చెప్పారు, నాన్నగారూ?"

కుసుమ కార్డు ఆయన ముందుకు చాపింది.

"కింద ఇంకో వరుస రాయండి. ఒకతె ఉంది, ఆమె మీ కూతురు అని. 'ఉంది' అనడానికి వెనక్కి తిప్పిన 'ఈ' ఒక్కటి పెట్టి మొదలెట్టండి. నోటితో అననక్కర్లేదు."

కార్డు తీసుకున్నాడు. గోడకు ఆనించి కలం మూత విప్పాడు. విఠల్ మర్యాదగా తప్పుకున్నాడు.

పక్కింటి కురుమమ్మ బిందెతో వెళ్తూ ఆగింది. "కుసుమ నాయినగారా మీరు? ముక్కు అచ్చం గట్లనే ఉంది!"

ఏడాదిగా నిలబెట్టుకున్న పంతం నోటికి ముందొచ్చింది.

"కాదమ్మా, మాస్టార్ని. ఈ అమ్మాయికేదో సందేహముంటే చెప్పడానికొచ్చాను."

కురుమమ్మ వెళ్లిపోయింది. ఆయన కలం కార్డు మీద పెట్టబోయాడు.

"తీరింది, మాస్టారూ," అని కుసుమ తలుపు వేసుకుంది.